అరేంజరా, సింథసైజరా? కీబోర్డు ఏం చేయగలదు, ఎక్కడ ఆగిపోతుంది

సంగీత వాయిద్యాల దుకాణంలో రెండు కీబోర్డులు పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ 61 కీలు, చిన్న తెర, బటన్ల వరసలు. ఒకదాని మీద ఎడమచేత్తో మూడు కీలు నొక్కి పట్టుకోగానే డ్రమ్స్, బేస్, గిటార్, స్ట్రింగ్స్ అన్నీ కలిసి మోగుతాయి. రెండోదాని మీద అవే మూడు కీలు నొక్కితే ఆ మూడు స్వరాలే వినిపిస్తాయి. అయినా ధర రెండోదానికే ఎక్కువ ఉండొచ్చు. పిల్లలకు కొనిపెడదామని వచ్చిన తల్లిదండ్రులు, చర్చి కోసం చందాలు పోగుచేసుకుని వచ్చిన పెద్దలు, కచేరీలకు కొత్త వాయిద్యం వెతుక్కుంటున్న ఆర్టిస్టు, అందరికీ తికమక ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది అరేంజర్ కీబోర్డు. రెండోది సింథసైజర్, వాడుకలో సింథ్. ఒకదాని శబ్దం గొప్పది, ఇంకొకదానిది తక్కువది అని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. ఒకే కంపెనీ చేసే రెండు రకాల్లోనూ శబ్దాన్ని పుట్టించే పద్ధతి చాలావరకు ఒకటే. యంత్రం వాద్యకారుడి తరఫున ఎన్ని నిర్ణయాలు తీసుకుంటుంది అన్నదే అసలు తేడా.

క్లుప్తంగా

అరేంజర్ ఒక్క మనిషికి ఒక బృందాన్ని ఇస్తుంది. అందుకు బదులుగా తాళం, కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) నడక, పాట ఆకృతి గురించి ముందే తీసుకున్న నిర్ణయాలను అతని మీద పెడుతుంది. సింథ్ శబ్దం మీద పూర్తి అధికారం ఇస్తుంది, తోడు మాత్రం ఇవ్వదు. రాగ శుద్ధి, గాయకుడి వెంట నడిచే లయ దగ్గర ఎక్కువ ఇబ్బంది అరేంజర్‌కు. గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపాల్సిన, జార్చాల్సిన చోట, రెండింటికీ ఇబ్బంది ఉంది. కారణాలు మాత్రం వేరు. కొన్నింటికి సెట్టింగుల్లోనే మార్గం దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు.

స్టైల్ లోపల ఏం జరుగుతుంది

అరేంజర్‌కు గుండెకాయ స్టైల్. చాలా మోడళ్లలో స్టైల్ అంటే రికార్డు చేసిన పాట కాదు, సూచనల పట్టిక. ఏ స్వరం, ఏ క్షణంలో, ఎంత బలంగా, ఎంతసేపు మోగాలో అందులో రాసి ఉంటుంది. అందుకే వేగం పెంచినా శ్రుతి మారదు, శ్రుతి మార్చినా వేగం మారదు. కొన్ని యంత్రాల్లో డ్రమ్స్ వంటివాటిని నిజమైన ఆడియోగానే పెడతారు. ఇటలీకి చెందిన కెట్రాన్ ఈ దారిలో పేరు తెచ్చుకుంది.

యమహా స్టైల్‌లో ఎనిమిది భాగాలు ఉంటాయి. రెండు రిథమ్‌కు, ఒకటి బేస్‌కు, రెండు కార్డ్‌లకు, ఒకటి ప్యాడ్‌కు (వెనక నిలిచి మోగే మెత్తని శబ్దానికి), రెండు చిన్న చిన్న సంగతులకు. స్టైల్ తయారుచేసేవాళ్లు ఈ భాగాలన్నింటినీ మామూలుగా ఒకే మూల కార్డ్ మీద, సి మేజర్ సెవెంత్ మీద వాయించి పెడతారు. వాద్యకారుడు ఎడమచేత్తో ఎఫ్ మైనర్ నొక్కాడనుకుందాం. యంత్రం ముందు ఆ కార్డ్ పేరు పోల్చుకుంటుంది. తర్వాత మూలంలోని ప్రతి స్వరాన్నీ ఎఫ్‌కు జరిపి, గాంధారం లాంటి చోట్ల మైనర్‌కు తగ్గట్టు తగ్గిస్తుంది. బేస్‌కు ఒక నియమం, కార్డ్‌లకు ఒక నియమం, డ్రమ్స్‌కు మార్పే లేదు. ఈ పని అంతా వేలు కీ మీద పడిన వెంటనే అయిపోతుంది. కొర్గ్ పీఏ శ్రేణి ఇంకొంచెం భిన్నంగా నడుస్తుంది. అక్కడ ఒకే వేరియేషన్‌కు (స్టైల్‌లోని ఒక రకం నడకకు) ఆరు దాకా వేరువేరు కార్డ్ రూపాలు రాసుకోవచ్చు. అంటే మేజర్‌కు ఒక వాయింపు, మైనర్‌కు పూర్తిగా వేరే వాయింపు పెట్టుకునే వీలుంది.

ఒక స్టైల్‌లో సాధారణంగా ఉండేవి ఇవి: ఇంట్రో, నాలుగు వేరియేషన్లు, వాటి మధ్య ఫిల్‌లు (ఒకదాని నుంచి ఇంకొకదానికి దాటించే చిన్న వాయింపులు), ఒక బ్రేక్, ఎండింగ్. పల్లవికి ఒక వేరియేషన్, చరణానికి ఇంకొకటి వేసుకుంటూ ఒక్కరే పాటను మొదటి నుంచి చివరిదాకా నడిపించగలరు. తోడు ఎవరూ లేని చోట ఇది పెద్ద సాయం. లయ తప్పకుండా సాధన చేయాలనుకునే విద్యార్థికి, ట్యూన్ తట్టగానే దాని ఆకారం విని చూసుకోవాలనుకునే సంగీత దర్శకుడికి కూడా అంతే.

ఒక వేలితో మొత్తం వాద్యబృందాన్ని కదిలించే ఈ ఆలోచన 1960ల, 70ల నాటి ఇంటి ఆర్గన్ల నుంచి వచ్చింది. రెడీమేడ్ రిథమ్‌కు ఎంత శక్తి ఉంటుందో చెప్పడానికి 1981లో వచ్చిన కాసియో ఎంటీ-40 మంచి ఉదాహరణ. ఆ చిన్న కీబోర్డులో హిరోకో ఒకుడా అనే యువ ఉద్యోగిని రూపొందించిన ఒక రిథమ్‌ను జమైకా సంగీతకారులు పట్టుకున్నారు. 1985లో దాని మీద కట్టిన పాటతో రెగే సంగీతం కంప్యూటర్ లయల వైపు తిరిగింది. కాబట్టి ముందే తయారైన స్టైల్ అనగానే చిన్నచూపు చూడనక్కర్లేదు.

హిందోళంలో పంచమం ఎలా వచ్చింది

పాశ్చాత్య పద్ధతిలో కట్టిన పాటకు అరేంజర్ చక్కగా సరిపోతుంది. రాగం ఆధారంగా ఉన్న పాట దగ్గరకు వచ్చేసరికి ఒక సమస్య తలెత్తుతుంది. అది చాలామంది చెవికి తెలుస్తుంది గానీ ఎందుకో అంతుబట్టదు.

సి ని షడ్జంగా పెట్టుకుని హిందోళం వాయిస్తే వచ్చే స్వరాలు సి, ఈ ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, బి ఫ్లాట్. రిషభం, పంచమం రెండూ లేవు. ఇప్పుడు ఆధార స్వరానికి తోడుగా సి మైనర్ కార్డ్ పట్టుకుంటే అందులో సి, ఈ ఫ్లాట్‌తో పాటు జి కూడా ఉంది. ఆ జి యే పంచమం. ఒకటి రెండు కీలతో కార్డ్ ఇచ్చే సులువు పద్ధతిలో అయితే వాద్యకారుడు పంచమాన్ని నొక్కను కూడా నొక్కడు. యంత్రమే చేర్చుకుంటుంది. అంతటితో ఆగదు. స్టైల్‌లోని బేస్ చాలాసార్లు షడ్జ పంచమాల మధ్యే నడుస్తుంది. కుడిచేయి ఎంత శుద్ధంగా హిందోళం పలికిస్తున్నా కింద నుంచి పంచమం మోగుతూనే ఉంటుంది.

మోహనది ఇంకో రకం ఇబ్బంది. స రి గ ప ద మాత్రమే ఉన్న రాగానికి అలవాటు కొద్దీ సి, ఎఫ్, జి కార్డ్‌లు వేస్తే ఎఫ్‌తో మధ్యమం, జి తో నిషాదం లోపలికి వచ్చేస్తాయి. సి మేజర్, ఏ మైనర్ రెండింటితో నడిపితే రాగం నిలబడుతుంది, కానీ స్టైల్‌లోని సంగతులు ఏ స్వరాల గుండా పోతాయో వాద్యకారుడి చేతిలో లేదు.

రాగానికి హార్మొనీ కట్టడమే తప్పని దీని అర్థం కాదు. మన సినిమా సంగీత దర్శకులు దశాబ్దాలుగా ఎంతో అందంగా ఆ పని చేస్తున్నారు. కాకపోతే వాళ్లు ప్రతి స్వరాన్నీ కావాలని ఎంచుకుంటారు. అరేంజర్‌లో ఆ ఎంపిక స్టైల్ రాసినవాళ్లది. వాళ్ల మనసులో హిందోళం ఉండే అవకాశం తక్కువ.

మార్గాలు ఉన్నాయి, తక్కువమంది వాడతారు. యమహా యంత్రాలు గుర్తుపట్టే కార్డ్ రకాల్లో షడ్జం, పంచమం మాత్రమే ఉండేది ఒకటి, షడ్జం, పై షడ్జం మాత్రమే ఉండేది ఇంకొకటి ఉన్నాయి. వీటిలో గాంధారమే ఉండదు కాబట్టి మేజరా, మైనరా అన్న ప్రశ్న రాదు. మోహనకు మొదటిది, పంచమం లేని హిందోళానికి రెండోది పనికొస్తాయి. అంతకన్నా సులువైనది కార్డ్ తోడును పూర్తిగా ఆపేసి రిథమ్‌ను మాత్రమే నడపడం. స్టైల్‌లోని బేస్, గిటార్ భాగాలను ఒక్కొక్కటిగా ఆపుకునే వీలు కూడా మధ్యస్థాయి మోడళ్ల నుంచి ఉంటుంది.

లయ ఎవరి చేతిలో ఉంది

స్టైల్ మొదలైన క్షణం నుంచి కాలం యంత్రం అధీనంలోకి వెళ్తుంది. నిమిషానికి 96 బీట్లు అని పెడితే పాట చివరిదాకా 96 బీట్లే. డాన్స్ పాటకు, పెళ్లి ఊరేగింపు పాటకు ఇదే కావాలి. కానీ గాయకుడు చరణం చివర ఒక భావం దగ్గర అరక్షణం నిలబడితే తబలా కళాకారుడు ఆయన ముఖం చూసి తానూ నిలబడతాడు. స్టైల్ నిలబడదు. ఫిల్ కూడా సాధారణంగా ఒక బార్ (తాళంలో ఒక చుట్టు) కొలతలోనే ఉంటుంది. గాయకుడు రెండు అక్షరాలు ముందుగా ఎత్తుకుంటే యంత్రానికి తెలియదు.

పద్యం దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పద్యానికి తాళం లేదు. హార్మోనియం కళాకారుడు నటుడి రాగాన్ని వెంటాడుతూ, అతను ఊపిరి తీసుకునే చోట ఖాళీని నింపుతూ పోతాడు. నాటక వేదికల మీదికి కీబోర్డు వచ్చినా అక్కడ వాడుకునేది దాని శబ్దాలనే, స్టైల్స్‌ను కాదు. అంటే ఆ సేపు అరేంజర్‌ను సింథ్‌లా వాడుతున్నారన్నమాట. యమహాలో సింక్ స్టాప్ అనే సదుపాయం కొంత ఉపయోగపడుతుంది. ఎడమచేయి కీల మీద ఉన్నంతసేపే స్టైల్ మోగుతుంది, చేయి ఎత్తగానే ఆగుతుంది. గాయకుడిని గమనిస్తూ వాయించేవాళ్లు దీన్ని నేర్చుకోవడం మంచిది.

తాళాల విషయం మరొకటి. కంపెనీ ఇచ్చే స్టైల్స్‌లో అత్యధికం నాలుగు, మూడు, ఆరు అక్షరాల లెక్కలోనే ఉంటాయి. ఆది తాళం, రూపకం, హిందుస్తానీ వైపు కహర్వా, దాద్రా వీటిలో ఇమిడిపోతాయి. తకిట తకధిమి అని ఏడు అక్షరాలతో నడిచే మిశ్ర చాపు, ఐదు అక్షరాల ఖండ చాపు అరుదు. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం రాసి ఉంటాయి. చాపు తాళం కీర్తనను మూడు లేదా నాలుగు లెక్కలోకి సాగదీసి వాయిస్తే సాహిత్యంలో మాటలు విరిగే చోటు మారిపోతుంది. యంత్రానికి సరిపోవడానికి పాట నడకే మారడం చిన్న విషయం కాదు. ఒక తరం పిల్లలు ఆ మారిన నడకనే అసలుదని నేర్చుకుంటారు.

సింథ్ చేసే పని వేరు

రాబర్ట్ మూగ్ 1964లో తన తొలి మాడ్యులర్ సింథసైజర్‌ను, అంటే విడి భాగాలను తీగలతో కలిపి వాడేదాన్ని, చూపించాడు. 1970లో వచ్చిన మినీమూగ్ దాన్ని ఒక మనిషి మోసుకెళ్లగలిగే వాయిద్యంగా మార్చింది. ఒకసారికి ఒకే స్వరం పలికేది. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుక్కున్న ఎఫ్ఎం పద్ధతి, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి శబ్దం పుట్టించడం, దాని ఆధారం. 1988లో కొర్గ్ ఎం1 నిజమైన వాయిద్యాల నమూనా రికార్డింగులను, ఎఫెక్టులను, పాటను రాసుకునే సీక్వెన్సర్‌ను ఒకే పెట్టెలో పెట్టింది. నేటి సింథ్‌లు చాలావరకు ఈ మూడు దారుల కలయికే.

సింథ్‌లో మూల శబ్దాన్ని వడపోయవచ్చు, వంచవచ్చు, కాలంతో పాటు మార్చవచ్చు. వీణ మీటినప్పుడు శబ్దం ఒక్కసారిగా లేచి మెల్లగా తగ్గిపోతుంది. వేణువు ఊదినప్పుడు నెమ్మదిగా లేచి ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. ఈ లేవడం, తగ్గడం, నిలవడం, ఆగడం అనే నాలుగు దశలను సింథ్‌లో వాద్యకారుడే కొలిచి పెట్టుకుంటాడు. ఫిల్టర్ తెరిస్తే శబ్దం మెరుస్తుంది, మూస్తే మెత్తబడుతుంది. ఇదివరకు లేని శబ్దాన్ని ఒకటి తయారుచేయడం దీని ప్రత్యేకత. సినిమాకు నేపథ్య సంగీతం చేసేవాళ్లు సింథ్‌ను వదలకపోవడానికి కారణం ఇదే. అరేంజర్‌లో కూడా శబ్దాన్ని కొంత మార్చుకోవచ్చు కానీ ఆ తలుపు పూర్తిగా తెరుచుకోదు.

దీనికి చెల్లించే మూల్యం కాలం. మెనూల లోతు తెలియడానికి నెలలు పడుతుంది. కొన్నవాళ్లలో చాలామంది లోపల ఉన్న రెడీమేడ్ టోన్లకే (ముందే తయారుచేసి పెట్టిన శబ్దాలకే) పరిమితమవుతారు. అప్పుడు సింథ్ ఖరీదైన టోన్ల పెట్టెగా మిగిలిపోతుంది. వేదిక సింథ్‌లలో చాలావాటికి స్పీకర్లు ఉండవు, యాంప్లిఫైయర్ వేరే కొనాలి. ఇది అరేంజర్‌లకు పూర్తిగా తప్పిన ఖర్చు కూడా కాదు. యమహా పైస్థాయి అరేంజర్ జెనోస్‌లోనూ స్పీకర్లు లోపల లేవు.

గమకం దగ్గర ఇద్దరికీ కష్టమే

1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను ప్రసారాల నుంచి నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధాన్ని పాక్షికంగా సడలించలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారలేదు, శ్రుతుల సూక్ష్మ భేదం చూపలేదు అన్నది అప్పటి ప్రధాన అభ్యంతరం. కీబోర్డు కూడా అదే కీల వరసతో పుట్టింది కాబట్టి ప్రశ్న కూడా అదే. తేడా ఏమిటంటే ఈసారి యంత్రంలో కొన్ని జవాబులు ఉన్నాయి.

మొదటిది శ్రుతి. కీబోర్డులో స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోశారు. ఒక్కో భాగం 100 సెంట్లు. అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది. తంబురా మీద సహజంగా వినిపించే గాంధారం దాదాపు 386 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా వల్ల తంబురా శ్రుతి పక్కన కీబోర్డు గాంధారం కాస్త పదునుగా, గీసుకుంటున్నట్టు వినిపిస్తుంది. పంచమంలో తేడా 2 సెంట్లే, చెవి పట్టించుకోదు. మధ్యస్థాయి నుంచి పైన ఉన్న కీబోర్డుల్లో స్కేల్ ట్యూనింగ్ ఉంటుంది. గాంధారాన్ని విడిగా 14 సెంట్లు దించుకోవచ్చు. ఇది పూర్తిగా పరిష్కారమయ్యే సమస్య, వాడుకునేవాళ్లు తక్కువ కావడమే లోటు.

రెండోది జారడం. తోడి గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. వీణ మీద తీగ లాగి దీన్ని పలికిస్తారు. కీబోర్డు మీద ఈ పని పిచ్ బెండ్ చక్రానిది లేదా జాయ్‌స్టిక్‌ది. మామూలుగా అది పైకి రెండు, కిందికి రెండు అరస్వరాల దాకా పోతుంది, ఇంకా పెంచుకోవచ్చు. ఏళ్ల తరబడి సాధన చేస్తే చక్రంతో గమకాలు పలికించవచ్చని కీబోర్డు సత్యనారాయణన్ కర్ణాటక కచేరీలు నిరూపించాయి. అక్కడ కుడిచేయి స్వరం వేస్తుంటే ఎడమచేయి గమకం చేస్తుంది.

అరేంజర్ ఇబ్బంది సరిగ్గా ఇక్కడే ఉంది. చక్రం ఎడమవైపు ఉంటుంది. కార్డ్‌లు వేయాల్సింది కూడా ఎడమచేయే. గమకానికి కావలసిన చేతికి స్టైల్ వేరే పని అప్పగించింది. దీన్ని దాటడానికి అనుభవజ్ఞులు కార్డ్ ఒకసారి నొక్కి వదిలేస్తారు. యంత్రం ఆఖరి కార్డ్‌నే కొనసాగిస్తుంటే ఎడమచేయి చక్రం మీదికి పోతుంది. జెనోస్, పీఎస్ఆర్-ఎస్ఎక్స్900 లాంటివాటిలో కార్డ్ లూపర్ ఉంది. కార్డ్‌ల వరసను ముందే నింపేస్తే అది తిరుగుతూ ఉంటుంది, ఎడమచేతికి విడుదల దొరుకుతుంది. కాకపోతే పాట వరస మారితే లూప్ మారదు.

సింథ్‌లో ఎడమచేయి స్వేచ్ఛగానే ఉంటుంది. అక్కడ అడ్డం వేరే. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానికొకటి సూచనలు పంపుకునే పద్ధతిలో) పిచ్ బెండ్ స్వరానికి కాదు, స్వరాల సూచనలు వెళ్లే చానల్‌కు చెందుతుంది. ఒకే చానల్‌లో రెండు స్వరాలు పట్టుకుని చక్రం తిప్పితే రెండూ జారతాయి. ఒక స్వరం నిలబడి ఇంకొకటి ఊగాలంటే వాటిని వేరు భాగాలుగా విడగొట్టి, చక్రం ఒకదానికే పనిచేసేలా పెట్టుకోవాలి. ఈ చిక్కును తీర్చడానికి 2018లో ఎంపీఈ అనే పద్ధతి ప్రమాణంగా వచ్చింది. అందులో ప్రతి స్వరానికీ సొంత చానల్. రోలీ సీబోర్డ్, ఆస్మోస్ లాంటి వాయిద్యాల్లో వేలిని కీ మీదే కదిలించి ఒక్క స్వరాన్నే ఊపవచ్చు. ఏ.ఆర్. రెహమాన్ వేదికల మీద వాయించిన హాకెన్ కంటిన్యూమ్‌లో అసలు కీలే ఉండవు, వేలు జారే చదునైన పలక ఉంటుంది. గమకానికి అన్నింటికన్నా దగ్గరగా వచ్చింది ఇవే. మన ఊళ్లలో ఇవి దొరకడం కష్టం, ధర ఎక్కువ, నేర్పేవాళ్లు తక్కువ.

మూడోది వాయిద్య స్వభావం. కీబోర్డు వయొలిన్ శబ్దం ఒక్క స్వరం వరకు నిజంగానే ఉంటుంది. రెండో స్వరం పడగానే తెలిసిపోతుంది. నిజమైన వయొలిన్‌లో కమాను తిరగకుండానే రెండో స్వరం రావచ్చు. కీబోర్డు మాత్రం ప్రతి కీకీ కొత్తగా మొదలుపెడుతుంది. 2005లో టైరోస్2 అరేంజర్‌తో యమహా తెచ్చిన సూపర్ ఆర్టిక్యులేషన్ టోన్లు ఈ లోటును కొంత పూడ్చాయి. కీలను కలిపి వాయిస్తున్నారా, విడిగా వాయిస్తున్నారా అన్నది గమనించి యంత్రం తగిన రికార్డింగును ఎంచుకుంటుంది. సాక్సఫోన్, గిటార్‌ల విషయంలో ఫలితం చాలా బాగుంటుంది. వీణ, నాదస్వరాలకు ఇంత శ్రద్ధ ఇంకా దక్కలేదు.

పాలిఫనీ అంకె ఎందుకు చూడాలి

పాలిఫనీ అంటే యంత్రం ఒకేసారి పలికించగల స్వరాల సంఖ్య. యమహా పీఎస్ఆర్-ఈ373లో అది 48, కాసియో సీటీ-ఎక్స్3000లో 64, పీఎస్ఆర్-ఎస్ఎక్స్900లో 128. రెండు చేతులకు పది వేళ్లే కదా అని అనిపిస్తుంది. స్టైల్ నడుస్తున్నప్పుడు లెక్క వేరు. డ్రమ్స్‌కు నాలుగు, బేస్‌కు ఒకటి, రెండు కార్డ్ భాగాలకు ఆరు, ప్యాడ్‌కు మూడు, సంగతులకు రెండు, మొత్తం పదహారు. కుడిచేతి మూడు స్వరాలకు మూడు టోన్లను ఒకదాని మీద ఒకటి పేర్చితే ఇంకో తొమ్మిది. స్టీరియో టోన్ ఒక్కో స్వరానికి రెండు లెక్కలు తినవచ్చు. కీ వదిలినా స్వరాన్ని నిలిపే సస్టెయిన్ పెడల్ తొక్కి ఉంచితే పాత స్వరాలు చావవు, కొత్తవి చేరుతూ ఉంటాయి. పరిమితి దాటగానే యంత్రం పాత స్వరాలను తెంచేస్తుంది. పాట నిండుగా ఉన్న చోటే స్ట్రింగ్స్ హఠాత్తుగా పలచబడటానికి ఇదొక కారణం. స్టైల్ నడపని సింథ్‌కు ఈ ఒత్తిడి చాలా తక్కువ. 1999లో వచ్చిన రోలాండ్ ఎక్స్‌పీ-30 సింథ్ తన 64 స్వరాల పాలిఫనీతో ఇప్పటికీ మన వేదికల మీద కనిపించడానికి అది కూడా తోడ్పడింది.

ఇండియన్ టోన్లు, ఇండియన్ స్టైల్స్

కంపెనీలు ఇక్కడి అవసరాన్ని పట్టించుకోలేదనడం న్యాయం కాదు. యమహా పీఎస్ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్ లాంటివి ఈ దేశం కోసమే చేసినవి. తబలా, ఢోలక్, తంబురా, సితార్ శబ్దాలు వీటిలో ఉంటాయి. యమహా 2019 నుంచి చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో కీబోర్డులు తయారుచేస్తోంది. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లో సొంత శబ్దాలను పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించుకునే వీలు పెట్టారు.

అయితే ఇండియన్ అన్న ముద్ర కింద ఎక్కువగా ఉన్నవి ఉత్తరాది వాయిద్యాలు, ఉత్తరాది నడకలు. మృదంగం ఉంటుంది గానీ దాని నడక తెలిసినవాళ్లు రాసిన స్టైల్ తక్కువ. డప్పు, తీన్‌మార్ కావాలంటే బయట అమ్మే ప్యాక్‌ల మీద ఆధారపడాలి. వాటి నాణ్యత తయారుచేసినవాళ్ల చెవి మీద ఉంటుంది. ప్యాక్ కొనేముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఒక మోడల్ కోసం రాసిన స్టైల్ ఇంకో మోడల్‌లో తెరుచుకున్నా, అందులో పిలిచిన టోన్ ఇక్కడ లేకపోతే దగ్గరలో ఉన్న ఇంకేదో మోగుతుంది. డప్పు ఉండాల్సిన చోట కాంగా వినిపించడం అలాంటిదే.

వేదిక మీద ఎవరు మిగిలారు

ఒకప్పుడు ఆర్కెస్ట్రా అంటే వేదిక నిండా మనుషులు. ఇప్పుడు చిన్న ఫంక్షన్లకు ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులు వస్తే చాలంటున్నారు. ఇందులో అరేంజర్ పాత్ర ఉంది గానీ అది ఒక్కటే కారణం కాదు. గాత్రం తీసేసిన మైనస్ ట్రాక్‌లు కీబోర్డు కళాకారుడి అవసరాన్నే తగ్గించాయి. ట్రాక్‌తో పోల్చినప్పుడు అరేంజర్‌కు ఒక మేలు ఉంది. గాయని శ్రుతి సరిపోలేదంటే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కటి చాలు, పల్లవి మళ్లీ అందుకుంటే కీబోర్డు వాయించేవాళ్లు వెంట రాగలరు. ట్రాక్ అలా రాదు. ఆ కోణంలో చూస్తే అరేంజర్ ఒక కళాకారుడిని వేదిక మీద నిలబెడుతోంది. పక్కన ఉండాల్సిన తబలా, బేస్ కళాకారులకు మాత్రం ఆ మాట ఊరట కాదు.

పల్లెటూరి చర్చి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ తొలగించడానికి బృందం మొదటి నుంచీ లేదు. ఒక్కరే కీబోర్డు నేర్చుకుని ఆదివారం ఆరాధన అంతా నడిపిస్తారు. స్పీకర్లు లోపలే ఉన్న అరేంజర్ వాళ్లకు సరైన ఎంపిక. తబలా, డ్రమ్స్ వాయించేవాళ్లు ఉన్న పెద్ద సంఘాల్లో స్టైల్ అడ్డం పడుతుంది. ఇద్దరు లయ చెప్పేవాళ్లు ఒకే పాటలో ఇమడరు. అలాంటి చోట సింథ్ మేలు.

పిల్లల విషయంలో ఉపాధ్యాయుల మధ్య భేదాభిప్రాయం ఉంది. స్టైల్ తోడు ఉత్సాహం ఇస్తుంది, తాళంలో నిలబడటం నేర్పుతుంది. అదే సమయంలో ఎడమచేయి మూడు కార్డ్‌లకు అలవాటు పడి కదలడం మానేస్తుంది, లయ యంత్రానిదే అవుతుంది. మొదటి సంవత్సరం స్టైల్ లేకుండా, కాలితో తాళం వేస్తూ నేర్పడం ఎక్కువ మేలు చేస్తుందనడానికి బలమైన కారణం ఉంది. తాళం బయట నుంచి వినిపిస్తున్నప్పుడు లోపల లెక్కపెట్టుకునే అలవాటు పెరగదు.

గీత చెరుగుతోంది

2023 చివర్లో వచ్చిన జెనోస్2లో యమహా ఎఫ్ఎం శబ్దాలను చేర్చింది. అవి ఒకప్పుడు సింథ్‌ల సొత్తు. అదే సంవత్సరం వచ్చిన మాంటేజ్ ఎం సింథ్‌లో నమూనా రికార్డింగులు, ఎఫ్ఎం, అనలాగ్ అనుకరణ మూడూ కలిశాయి. దాని 88 కీల మోడల్‌లో ఒక్కో వేలి ఒత్తిడిని విడిగా గుర్తించే కీలు పెట్టారు. గమకం కోసం చూసేవాళ్లు గమనించాల్సిన మార్పు ఇది. ల్యాప్‌టాప్, ట్యాబ్‌లలో నడిచే సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు శబ్దం విషయంలో రెండింటినీ దాటిపోతున్నాయి, వేదిక మీద కరెంటు పోయి వచ్చినప్పుడు అరనిమిషంలో మళ్లీ మొదలుపెట్టగలగడంలో మాత్రం పెట్టె రూపంలోని కీబోర్డుకే నమ్మకం ఎక్కువ.

దుకాణంలో తేల్చుకోవడానికి కంపెనీ డెమో పాట పనికిరాదు, అది యంత్రం బలాల కోసమే రాసింది. రోజూ వాయించే పాటలు రెండు తీసుకెళ్లాలి. ఒకటి స్టైల్‌తో మొదలుపెట్టి పల్లవి చివర కావాలని అరక్షణం ఆగి, తిరిగి కలవడం ఎంత కష్టమో చూడాలి. రెండోది రాగం మీద నడిచే పాట. కార్డ్ తోడును ఆపి, ఎడమచేయి చక్రం మీద పెట్టి ఒక గాంధారాన్ని ఊపి చూడాలి. ఆ తర్వాత సస్టెయిన్ పెడల్ తొక్కి పట్టుకుని అన్ని భాగాలూ మోగుతుండగా స్ట్రింగ్స్ తెగుతున్నాయేమో వినాలి. ఈ మూడింటికీ పది నిమిషాలు పడుతుంది.